సవతి తల్లి లేని కథలు

జగిత్యాల,
20 సెప్టెంబరు 2011

చిన్నమ్మకు,
జమున నమస్కరించి రాసేది.

బాపు పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఒక్క ముక్క రాయనిదాన్ని ఇవాళ రాస్తున్నానంటే ఏదో పని పడిందని నీకు తెలిసిపోతుంది. దాచను, పనే. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే పక్కింటి బాలవ్వ ఎత్తింది. "గామెకు శెవులు ఇనస్తలెవ్వు బిడ్డా. సాంచల మోతకు పొయినయి. ఏమన్నుంటె కాయితం రాయి, సదువుకుంటది" అంది. నీ చెవులు పోయిన సంగతి నాకు తెలియదు. ఎప్పటినుంచి? మిషన్ పెట్టించుకోలేదా?

ఇక్కడ అంతా బంద్. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి మా డీఎడ్ కాలేజీ గేటుకు తాళం. నిన్నటి నుంచి బస్సులు కూడా లేవు. టవర్ సర్కిల్ దగ్గర టెంటు వేసి రోజుకో సంఘం వాళ్ళు కూర్చుంటున్నారు. టీచర్ల వంతు వచ్చిన రోజు నేనూ పోయి కూర్చుంటాను. అందరితో పాటు జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరుస్తాను. తిరిగి వచ్చి గది తాళం తీస్తే, పొద్దున తాగి పెట్టిన గ్లాసు పెట్టిన చోటే ఉంటుంది. దాన్ని కదిపే మనిషి ఇంకొకరు లేరని ముప్పై ఆరేళ్ళు వచ్చాక ఇప్పుడే తెలిసినట్టు కాసేపు దాని వంక చూస్తాను.

పని ఏమిటంటే, నేను కాలేజీలో సైకాలజీ చెప్తాను కదా. ఈ ఖాళీలో ఒక పాఠం రాసుకుంటున్నాను. కథల్లో పాత్రలు, వాటితో పిల్లల మనసుకు ఉండే సంబంధం. ఏ దేశం కథ తీసుకున్నా పాత్రలు ఏడెనిమిది రకాలేనట. వీరుడు, అతనికి అడ్డం పడే దుర్మార్గుడు, దారిలో సాయం చేసే పక్షో పామో, మహిమ గల వస్తువు ఇచ్చే ముసలమ్మ, రాకుమారి, వీరుణ్ణి ఇల్లు విడిపించి బయటికి పంపేవాళ్ళు, తానే వీరుణ్ణని చెప్పుకునే దొంగ. గడులు గీసి, నువ్వు నూలు కండెలు చుడుతూ చెప్పిన కథలన్నీ గుర్తున్నంత మేరకు అందులో నింపాను. రాకాసి ఉంది, మంత్రి పెళ్ళాం ఉంది, గయ్యాళి అత్త ఉంది. సవతి తల్లి ఒక్క కథలోనూ లేదు. అన్ని కథల్లో ఉండే మనిషి నీ కథల్లో ఎట్లా లేకుండా పోయింది? నేనే మరిచిపోయానా? ఇష్టం లేని జ్ఞాపకాన్ని మనసు అడుక్కు తొక్కేస్తుందని, దాన్ని దమనం అంటారని నేనే పిల్లలకు చెప్తాను.

తీరిక ఉన్నప్పుడు రాయి.

జమున

*

సిరిసిల్ల,
26 సెప్టెంబరు 2011

చి. జమునకు,
రుక్కమ్మ రాయునది.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ సామేలు తెచ్చి ఇచ్చాడు. నాకు ఉత్తరం ఇచ్చే పని అతనికి ఇంతకు ముందు పడలేదు. రెండుసార్లు పేరు చదువుకొని, "నీకే రుక్కవ్వా, నిజంగ నీకే" అన్నాడు. ఈ మధ్య పెదవులు చూసి మాట పట్టుకుంటున్నాను. మీసాలు పెద్దగా ఉన్నవాళ్ళ మాటలు సగమే అందుతాయి.

చెవులు ఒక్కనాడు పోలేదు. సాంచల షెడ్డులో, ఆ మరమగ్గాల మోతలో ఇరవై ఎనిమిదేళ్ళు కండెలు చుట్టాను. ముందు పిట్టలు పోయాయి, తర్వాత కుక్కర్ కూత, ఆ తర్వాత మనుషులు. మిషన్ పెట్టించారు. దాంట్లో మనిషి మాట కూడా సాంచ మోతలాగే వినిపించింది, తీసి డబ్బాలో పెట్టాను. ఇప్పుడు సమ్మెతో గంటలకు గంటలు కరెంటు పోతున్నది. సాంచలు ఆగి ఊరు నిమ్మళంగా ఉందని అందరూ అంటున్నారట. నేల అదరడం ఆగితే నాకు తెలుస్తుంది, అంతే.

నా రాత చూసి నవ్వకు. ఏడో తరగతి వరకు నేర్చిన బడి భాష ఇది. నోరు తెరిస్తే వచ్చేది వేరే.

నువ్వేమీ మరిచిపోలేదు. సవతి తల్లి నిజంగానే లేదు, నేనే తీసేశాను. కాపురానికి వచ్చిన నెలలో నిన్ను రాట్నం పక్కన కూర్చోబెట్టుకొని మా అవ్వ చెప్పిన కథ ఎత్తుకున్నాను. నీకు ఆరేళ్ళు. బాలవ్వ వచ్చి, "పగటీలి కథలేందే రుక్కా, తొవ్వంట పొయ్యేటోళ్లు ఆగమైతరు" అని గద్దించింది. దారిన పోయేవాళ్ళు దారి తప్పితే తప్పనీ అనుకున్నాను, నాకు నీతో మాట కలపడానికి వేరే దారి లేదు. నువ్వు మాట మాటకూ ఊ కొడుతున్నావు. "గప్పుడు గా రాజు ఇంకో పెండ్లి జేస్కుండు, గా సవితి తల్లి ఇంట్ల అడుగు వెట్టింది" అన్నాను. ఊ ఆగిపోయింది. తలెత్తి చూస్తే నువ్వు నా చేతుల వంక చూస్తున్నావు. చేతుల్లో ఏముంది, దారమే.

ఆ రోజు నుంచి ఆమె చేసే పాడు పనులన్నీ మంత్రి పెళ్ళానికి అప్పజెప్పాను. పాపం, ఏ పాపం ఎరుగని ఆమె అన్ని కథల్లో చెడ్డదైపోయింది. కథలో లేకపోతే ఇంట్లో కూడా ఉండదనుకున్నాను. పంతొమ్మిదేళ్ళ బుద్ధి అంతే పనిచేస్తుంది.

ఇక నేనొకటి అడుగుతాను. కాలేజీకి తాళం పడ్డ పంతులమ్మ పాఠం కోసం సవతి తల్లిని వెతుకుతున్నదంటే నేను నమ్మను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ మనిషి ఎవరు? పిల్లకు ఎన్నేళ్ళు?

రుక్కమ్మ

*

జగిత్యాల,
30 సెప్టెంబరు 2011

చిన్నమ్మకు,

చెవులు పోతేనేం, నీ ముక్కు బాగానే పనిచేస్తున్నది.

ఆయనది కోరుట్ల. పేరు లింబాద్రి, ఆర్టీసీలో కండక్టర్, మనవాళ్ళే. భార్య స్వరూప మూడేళ్ళ కింద కామెర్లతో పోయింది. బిడ్డ తేజస్వినికి ఎనిమిదేళ్ళు. మా కాలేజీలో పనిచేసే ఒకామె ఈ సంబంధం చెప్పింది. షేర్ ఆటోలో రెండుసార్లు పోయి వచ్చాను. తక్కువ మాట్లాడే మనిషి. బస్సులు బంద్ కదా, పొద్దంతా సమ్మె టెంటులో కూర్చుంటాడు, పోయేముందు పిల్లకు తనే జడలు వేస్తాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తుంది. ఆ ఎగుడుదిగుడు జడలు చూసి నాకు ఆయన మీద ఇష్టం కలిగింది. ఇన్నేళ్ళు వచ్చిన సంబంధాలన్నీ వద్దన్నదాన్ని, ఈ మనిషి దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. దీపావళి లోపు అవునో కాదో చెప్పమన్నాడు.

భయమంతా పిల్లతోనే. తలుపు చాటు నుంచి నన్ను చూస్తుంది. మొదటిసారి చాక్లెట్లు తీసుకుపోయాను. తీసుకుంది, తినలేదు. రెండోసారి పోతే అవే చాక్లెట్లు తెచ్చి నా బ్యాగు పక్కన పెట్టింది. కోపంగా కాదు, మర్యాదగా. ముప్పై మంది ఆడపిల్లలకు పిల్లల మనసు గురించి పాఠాలు చెప్పేదాన్ని, ఏమీ చేయలేక ఆ చాక్లెట్లు బ్యాగులో వేసుకొని ఆటో ఎక్కాను. నీ ఉత్తరంలో చేతుల మాట రెండుసార్లు చదివాను. ఆ పిల్ల కూడా నా చేతులనే చూస్తుంది.

బయట ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు, పాట వినిపిస్తున్నది. నేను పోలేదు. ఈ ఉత్తరంలో రాయవలసింది ఇంకొకటి ఉంది, అది రాస్తే గానీ కాలు కదలదు.

నువ్వు నన్ను కొట్టలేదు. పస్తు పెట్టలేదు. కథలు చెప్పావు. అయినా నేను నిన్ను దగ్గరికి రానివ్వలేదు, ఎందుకో నీకు తెలుసనే అనుకుంటున్నాను. అమ్మ చీరల కోసం. దసరా వస్తే బాపు పీట మీద చీర పెట్టి, "మీ అమ్మకు బిడ్డా, మొక్కు" అనేవాడు. నేను కళ్ళు మూసుకొని మొక్కేదాన్ని. తెల్లారి చూస్తే ఆ చీర నీ ఒంటి మీద ఉండేది. ప్రతి పండక్కీ అంతే. సందుగ పెట్టెలో ఉన్న మా అమ్మ చీరలు ఒక్కొక్కటే తీసి కట్టేస్తున్నావని, ఒకనాడు అన్నీ అయిపోతాయని నాకు ఏడుపు వచ్చేది. ఆకుపచ్చ చీర అంచు బ్లేడుతో కోసింది నేనే. తర్వాత హాస్టల్లో, మా చిన్నమ్మ చచ్చిపోయిన మా అమ్మను దోచుకుందని అందరికీ చెప్పాను. వాళ్ళంతా నిన్ను చూడకుండానే అసహ్యించుకున్నారు.

ఎందుకు కట్టావు చిన్నమ్మా? ఇప్పుడైనా చెప్పు. రేపు ఆ పిల్ల నా గురించి ఎవరితో ఏం చెప్పుకుంటుందో అనుకుంటే నాకు అవునని చెప్పే ధైర్యం రావడం లేదు.

జమున

*

సిరిసిల్ల,
9 అక్టోబరు 2011

చి. జమునకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వు వచ్చింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. నా ఏడుపు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు కదా, బాలవ్వ పరుగెత్తుకొని వచ్చింది.

బిడ్డా, అవి మీ అమ్మ చీరలు కావు. మీ అమ్మ చంద్రవ్వ చీరలన్నీ పదకొండో రోజే చాకలి దుర్గవ్వకు ఇచ్చేశారు, అది పద్ధతి. నేను వచ్చేసరికి ఆ సందుగలో మీ బాపు ధోవతులు, నీ చిన్నప్పటి గౌను ఒకటి తప్ప ఏమీ లేవు. పీట మీద పెట్టినవి నాకని కొన్న చీరలే. రెండో పెళ్ళి మీద వచ్చినదానికి కొత్త చీర తెస్తే ముందు మొదటామె పేరున పీట మీద పెట్టాలి. పసుపు కుంకుమ వేసి, "అక్కా, ముందుగాల నువ్వు గట్టుకో, నీ ఎనుక నేను గట్టుకుంట" అని మొక్కాలి. అప్పుడే అది మన ఒంటి మీదికి రావాలి. లేకపోతే పోయినామె మనసు నొచ్చుకుంటుందంటారు. మీ బాపు నీతో మొక్కించింది అందుకే. రెండో పెళ్ళి జరిగిన ప్రతి ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. అందరికీ తెలుసు గనకే నీకు విడిగా చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకైనా తోచవలసింది.

బ్లేడు సంగతి నాకు అప్పుడే తెలుసు. అంచు మడిచి కుట్టుకున్నాను, చీర జానెడు పొట్టిదై కాలి మట్టెలు కనిపించేవి. పిల్ల కోపంలో కోసిందనుకున్నాను. దేనికి కోపమో అడగలేదు.

ఇప్పుడు నాకు యాభై దగ్గరికి వచ్చాయి గనక ఒక మాట చెప్తాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ముందు నాకని వచ్చిన చీర ఒక్కటి లేదు. పెళ్ళి చీర కూడా ముందు ఆమే కట్టింది. మీ అమ్మ మీద నాకు కోపం లేదు, చూడని మనిషి మీద ఏం కోపం. కానీ ఆ పీట ముందు చేతులు జోడించి నిలబడ్డ ప్రతిసారీ, ఈ ఇంట్లో నేను ఎప్పుడు వచ్చానో ఎవరికీ గుర్తు లేనట్టు అనిపించేది.

కోరుట్లలో కూడా స్వరూప పేరున పీట వేయిస్తారు. ఆ పిల్లకు ముందే చెప్పు. పక్కన కూర్చోబెట్టుకొని చెప్పు. నువ్వు రాసిన దమనం లాంటి మీ రక్షక తంత్రాలేవో నాకు తెలియవు. బాలవ్వ మనుమరాలి డీఎడ్ పుస్తకం తెప్పించి తిరగేశాను. కోపం ఒకరి మీద ఉంటే ఇంకొకరి మీద చూపడాన్ని విస్థాపనం అంటారట. అత్త మీద కోపం దుత్త మీద అంటే పోయేదానికి అంత పెద్ద పేరు ఎందుకు?

రుక్కమ్మ

*

జగిత్యాల,
14 అక్టోబరు 2011

అమ్మా,

రాసేశాను. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. నాలుగోదాంట్లో చెయ్యి ఆగలేదు.

నిన్న మళ్ళీ టెంటులో మా వంతు. అందరూ నినాదాలు ఇస్తుంటే నేను నీ ఉత్తరం పర్సులోంచి తీసి చదువుకుంటూ కూర్చున్నాను. పక్కనున్న లెక్కల మేడం, "ఏంది మేడం, గంత ఏడుస్తున్నరు, తెలంగాణ అస్తది తియ్యుండ్రి" అంది. నవ్వాను. ముప్పై ఏళ్ళుగా నా కడుపులో ఉన్న రాయి చీర మడత కింద పెట్టిన ఒక పీట అని ఆమెకు ఎట్లా చెప్పను.

ఇన్నాళ్ళు నిన్ను తప్పు గడిలో పెట్టాను. నాలో ఉన్న కోపాన్ని నీ ముఖానికి పులిమి, అది నీ ముఖమే అనుకున్నాను. దాన్ని ప్రక్షేపణం అంటారని బోర్డు మీద రాసి, కింద గీత గీసి మరీ చెప్పేదాన్ని. నా పట్టికలో ఇప్పుడు నీ పేరు దుర్మార్గుల గడిలోంచి కొట్టేసి, దారి చూపి వస్తువు ఇచ్చే ముసలమ్మ గడిలో రాశాను. ముసలమ్మ అన్నందుకు కోపగించుకోకు.

బాపు నన్ను చదువు కోసం హాస్టల్లో వేసినప్పుడు, నువ్వు ఆపుతావేమోనని చూశాను. ఆపలేదు. ఇప్పుడు అర్థమవుతున్నది, బాపు మాట మీద నీ మాట చెల్లే ఇల్లు కాదు మనది. దాన్ని కూడా నీ ఖాతాలో వేశాను, తప్పు నాదే.

దీపావళికి ముందే కోరుట్ల పోయి అవునని చెప్తాను. నువ్వు చేసినట్టు నేనూ చేయగలననిపిస్తున్నది. పెళ్ళికి అమ్మ స్థానంలో నువ్వు కూర్చోవాలి.

నీ బిడ్డ,
జమున

*

సిరిసిల్ల,
20 అక్టోబరు 2011

జమునకు,

నువ్వు రాసిన మొదటి మాట దగ్గరే ఒక పూట కూర్చున్నాను. ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. నాకు రెండుసార్లు కడుపు వచ్చి పోయింది, మూడోసారి రాలేదు. ఆ మాట తీసుకొని పెట్టెలో దాచుకుందామనిపించింది. కానీ దొంగసొమ్ము దాచినట్టవుతుంది. అందుకే రాస్తున్నాను.

నీ పట్టికలో, వీరుణ్ణి ఇల్లు విడిపించి బయటికి పంపేవాళ్ళు అని ఒక గడి ఉందన్నావు కదా. అందులో నా పేరు రాసుకో. నిన్ను హాస్టల్లో వేయించింది మీ బాపు కాదు, నేను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నీకు తొమ్మిది. నువ్వు కదిలితే వాడ మొత్తం నా వంక చూసేది. నువ్వు కింద పడితే నా చేతులు చూసేవాళ్ళు. నీకు జ్వరం వస్తే నా వంట చూసేవాళ్ళు. గట్టిగా మాట్లాడితే సవతి బుద్ధి, మాట్లాడకపోతే పట్టింపు లేని మనిషి. అదంతా ఓర్చుకున్నాను. నీ చూపు ఓర్చుకోలేకపోయాను. ఏ పని చేస్తున్నా వీపు మీద నీ చూపు ఉండేది, ఏదో పట్టుకుందామని కాచుకున్నట్టు. దేనికో నాకు తెలియదు, చీరల సంగతి నువ్వు ఇప్పుడు చెప్పావు. ఆ దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చినామె, "ఈమె ఎవలు బిడ్డా?" అని నిన్ను అడిగితే, "మా బాపు పెండ్లాం" అన్నావు. అప్పుడు నా కడుపులో మూడో నెల. వారం తిరగకుండా అది పోయింది. నీ మాటకు పోలేదని నాకు తెలుసు. ఆనాడు మాత్రం నీ వల్లే పోయిందనుకున్నాను.

మీ బాపుతో చెప్పాను. "అది ఉంటె నేనుండ. హాస్టల్ల ఏస్తవా, నన్ను తల్లిగారింటికి తోలుతవా, నువ్వే జెప్పు" అన్నాను. ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత నీ పెట్టె సర్దాడు. చదువు కోసమని వాడంతా చెప్పాడు, నీకూ అదే చెప్పాడు. చచ్చేదాకా నా పేరు బయటపెట్టలేదు. నేనూ కిక్కురుమనలేదు.

నువ్వు పోయిన రోజు నేను ఏడవలేదు. కడుపు నిండా తిని ఆదమరిచి నిద్రపోయాను. అది కూడా నీకు తెలియాలి. నాలుగో రోజు రాట్నం ముందు కూర్చొని అలవాటుగా కథ ఎత్తుకున్నాను. ఊ కొట్టే మనిషి లేదు. సెలవులకు వచ్చినా నువ్వు మళ్ళీ కథ అడగలేదు, నేను చెప్పలేదు.

నన్ను దుర్మార్గుల గడిలో పెట్టావు, బాధ లేదు. ఇప్పుడు మంచి ముసలమ్మను చేశావు, అది ఓర్చుకోలేను. కథలో ఒక మనిషికి ఒకటే పని ఉంటుంది. ఇంట్లో అట్లా ఎట్లా కుదురుతుంది? నీకు ముద్ద కలిపి పెట్టిన చెయ్యీ ఇదే, నీ పెట్టె తీసి గడప అవతల పెట్టిన చెయ్యీ ఇదే.

నువ్వు ఆ పెళ్ళి చేసుకో, మానుకో. నాలాగా చేస్తానని మాత్రం అనకు.

రుక్కమ్మ

*

సిరిసిల్ల,
3 నవంబరు 2011

చి. జమునకు,

సమ్మె అయిపోయింది. తెలంగాణ రాలేదు గానీ బస్సులు వచ్చాయి. సాంచలు మళ్ళీ నడుస్తున్నాయి, నేల అదురుతున్నది. దీపావళి కూడా పోయింది.

సామేలు ఈ వాడకు వచ్చే వేళకు నేను గడపలో కూర్చుంటున్నాను. వినపడదు కదా, లోపల ఉంటే అతను పిలిచినా తెలియదు. అతను దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపి పోతున్నాడు. నాలుగేళ్ళు ఉత్తరం లేకుండా బతికాను, ఏమీ అనిపించలేదు. ఇప్పుడు పదిహేను రోజులు గడవడం కష్టంగా ఉంది. ఒక్కదాన్నే ఉన్నానని నాకు ఈ మధ్యనే తెలిసింది.

నువ్వు అవునన్నావో కాదన్నావో తెలియదు. తిడుతూ రాసినా సరే, రాయి. నా మీద కోపంతో లింబాద్రికి కాదని చెప్పకు. అదొక్కటే అడుగుతున్నాను.

రుక్కమ్మ

*

కోరుట్ల,
13 నవంబరు 2011

చిన్నమ్మకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడూ ఉంది. కోపం పోయాక రాద్దామనుకున్నాను, అది పోయేటట్టు లేదు, అందుకే దానితోనే రాస్తున్నాను. నేను హాస్టల్లో ఎనిమిదేళ్ళు ఉన్నాను చిన్నమ్మా. ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. బాపు రెండు నెలలకోసారి వచ్చేవాడు. మిగతా ఆదివారాలు బట్టలు ఉతుక్కునే నెపంతో నేను బావి దగ్గరే ఉండేదాన్ని. ఆ ఆదివారాలు నువ్వు పంపినవని ఇప్పుడు తెలిసింది. అమ్మా అని రాసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. తర్వాత, ఆ మాట రాయకపోతే నువ్వు నిజం చెప్పేదానివి కాదు కదా అనిపించింది. ఊరుకుంటే నీకు ఒక బిడ్డ దొరికేది. నువ్వు ఊరుకోలేదు. ఆ సంగతి నేను పక్కన పెట్టలేకపోతున్నాను.

దీపావళి లోపు లింబాద్రికి ఏ మాటా చెప్పలేదు. ఆయన తొందరపెట్టలేదు. బస్సులు తిరిగాక ఆయన డ్యూటీ కూడా మొదలైంది. నిన్న, రెండో శనివారం, కాదని చెప్పడానికే ఇక్కడికి వచ్చాను. ఆయన మెట్‌పల్లి ట్రిప్పులో ఉన్నాడు. ఇంట్లో తేజస్విని, వాళ్ళ నాయనమ్మ ఉన్నారు. నాయనమ్మ కూరగాయలకు బజారుకు పోయింది. పిల్ల, నేను మిగిలాం.

చాక్లెట్లు తీసుకురాలేదు. ఏ పుస్తకంలో చెప్పినట్టూ మాట్లాడలేదు. ఊరికే కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి తలుపు చాటు నుంచి బయటికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నన్ను హాస్టల్ల ఏస్తవా?" అంది.

ఎవరు చెప్పారో తెలియదు. వాడలో ఎవరో అని ఉంటారు, వాడలు అన్నిచోట్లా ఒకటే.

"ఎయ్య" అన్నాను.

"నేను మాట ఇనకపోతె?"

"ఇనకున్న ఎయ్య."

"డాడీతోని నీకు లొల్లి అయితె?"

"అయినా ఎయ్య."

"నీకు నేను మంచిగ అనిపియ్యకపోతె?"

ఇక్కడ ఆగాను. నువ్వు కళ్ళ ముందుకు వచ్చావు. ఇరవై రెండేళ్ళు, కడుపు పోయింది, వీపు మీద ఒక పిల్ల చూపు. నాకూ అట్లాంటి రోజు వస్తుందని ఆ క్షణాన తెలిసింది. రాదని చెప్పే సైకాలజీ నాకు రాదు.

"గప్పుడు నీకే జెప్త. ఇద్దరం కొట్లాడుకుందం. కొట్లాడినంక అన్నం తిందం. పంపుడు మాత్రం లేదు" అన్నాను.

తల ఊపింది. నవ్వలేదు, దగ్గరికి రాలేదు. లోపలికి పోయి దువ్వెన తెచ్చి ఇచ్చి, నాకు వీపు తిప్పి కూర్చుంది. జడలు లింబాద్రి వేసినదానికంటే అధ్వానంగా వచ్చాయి.

ఆయన వచ్చాక అవునని చెప్పాను. ఈ నెలాఖరులో ధర్మపురిలో పెళ్ళి. చీర సంగతి పిల్లకు ఇవాళ పొద్దున చెప్పాను, స్వరూపకు ముందు చూపించే పని తనే చేస్తానంది. నిన్ను రమ్మని రాయలేకపోతున్నాను. రావద్దనీ రాయలేకపోతున్నాను.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నన్ను బస్సెక్కించిన రోజు నాకు సరిగ్గా గుర్తు లేదు. పెట్టె, కిటికీ ఊచలు, బాపు భుజం మాత్రం గుర్తున్నాయి. ఆ రోజు ఈ పిల్ల అడిగినట్టు నేను నిన్ను ఏమైనా అడిగానా? అడిగి ఉంటే నువ్వు ఆగేదానివేమోనని ఈ రెండు రోజులుగా అనిపిస్తున్నది. అడగకపోవడం నా తప్పేమోనని కూడా.

జమున

*

సిరిసిల్ల,
19 నవంబరు 2011

చి. జమునకు,

నీ తప్పు లేదు. అడిగావు.

మీ బాపు జగిత్యాల బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి పోయాడు. పెట్టె దగ్గర నువ్వు, నేను నిలబడ్డాం. అప్పటిదాకా నన్ను ముట్టుకోని దానివి, నా కొంగు పట్టుకొని, "చిన్నమ్మా, నేను మంచిగుంటె మల్ల తీస్కవోతరా?" అన్నావు. నేను నీ వంక చూడలేదు. ఎదురుగా ఉన్న వేములవాడ బస్సు బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. నువ్వు ఇంకోసారి అడిగావు. బస్సు వచ్చింది. కొంగు నువ్వే వదిలేశావు.

ఇరవై ఏడేళ్ళలో ఆ మాట తలుచుకోని వారం లేదు. నువ్వు మరిచిపోయావు. నాకు ఆ వరం దొరకలేదు.

పెళ్ళికి రాను. పీటల మీద కూర్చున్నప్పుడు నీకు నా ముఖం చూసి కోపం రాకూడదు, నిమ్మళంగా ఉండాలి. తేజస్వినికి నన్ను చూపించాలని నీకు ఎప్పుడైనా అనిపిస్తే ఒక ముక్క రాయి, ఆ రోజే బస్సెక్కుతాను. అనిపించకపోయినా రాస్తూ ఉండు, ఆ పిల్ల ఏం తిన్నది, బడిలో ఏం చదివింది, నీతో ఎన్నిసార్లు కొట్లాడింది.

నువ్వు ఆ పిల్లకు చెప్పిన జవాబులు ఉన్న కాగితం మడతలు పడి చిరిగేటట్టుంది, అన్నిసార్లు చదివాను. నాలుగో ప్రశ్నకు ఆగానని రాశావు. ఆగినా చెప్పావు కదా బిడ్డా. నేను మొదటిదానికే చెప్పలేదు. ఆ రోజు బస్టాండులో నీకు చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. తీస్కవోతం. నువ్వు మంచిగ లేకున్న తీస్కవోతం.

రుక్కమ్మ